శని పడాల్సిన చోటు

పోయిన నెల సూర్యాపేటలో మా మనవరాలి బడిలో సైన్సు ప్రదర్శన ఉంటే వెళ్లాను. ఆ బడికి ఆవరణ లేదు. కింద మోటారు సైకిళ్ల షోరూము, పైన నాలుగంతస్తుల్లో తరగతులు. మెట్ల మలుపుల్లో గుట్కా ఉమ్మిన మరకలు. ఎవరూ ఉమ్మకూడదని గోడకు దేవుళ్ల బొమ్మల టైల్సు అతికించారు. దేవుళ్ల మీద కూడా ఉమ్మారు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మూడో అంతస్తుకు చేరితే, అక్కడ ఒక బల్ల మీద ఆకాశం మొత్తాన్ని సర్ది పెట్టారు.

థర్మాకోల్ ఉండలు. సూర్యుడు పుచ్చకాయంత, భూమి బత్తాయంత, గురుడు ఇంకో బత్తాయి. అన్నిటికీ మెరుపుల పొడి పూశారు. సూర్యుడికీ భూమికీ మధ్య జానెడు దూరం. పక్కన ఒక ట్యాబులో వీడియో తిరుగుతోంది. పరమాణువు లోపలి నుంచి మొదలై గెలాక్సీల దాకా అర నిమిషంలో లాక్కుపోతుంది, వెనక డీజే మోత. చూసేవాళ్లు సమోసాలు తింటూ, ఆ నూనె వేళ్లతోనే గెలాక్సీలను ముందుకూ వెనక్కూ జరుపుతున్నారు. ముఖ్య అతిథి శాలువా కప్పించుకుని, దారంతో వేలాడదీసిన పెద్ద శనిగ్రహం కింద కూర్చున్నాడు. ఆయన వేలికి నీలం రాయి ఉంగరం ఉంది, శని పీడ పోవాలని పెట్టుకునేది. నెత్తి మీద వేలాడుతున్నదేమిటో ఆయనకు తట్టలేదు, దాని మీద శాటర్న్ అని రాసి ఉంది కాబట్టి. శాటర్న్ ఎవరి నెత్తి మీద ఉన్నా దోషం లేదు.

నాకు రోత పుట్టింది. మెట్ల మీది ఉమ్ము కన్నా ఆ బల్లను చూస్తేనే ఎక్కువ పుట్టింది. భూమి సూర్యుడికి ఇంత దగ్గరుంటే మనం బతుకుతామా అని మనవరాలిని అడిగాను. ఐదో తరగతి పిల్ల. నన్ను జాలిగా చూసి, "బల్ల మీద పట్టాలె గద అమ్మమ్మా" అంది.

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. నాకు మాత్రం మిర్యాలగూడలో మా టీచరు చేతిలోని నూకలు గుర్తొచ్చాయి. ఇక అక్కడ నిలబడలేక కిందికి దిగి వచ్చేశాను.

మిర్యాలగూడ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఉడికిన వడ్ల కంపు. సాగర్ కాలువ వచ్చాక ఊరి చుట్టూ వరి, ఊళ్లో మిల్లులు. ఉప్పుడు బియ్యం కోసం వడ్లను నానబెట్టి ఉడికిస్తారు. ఆ నానిన నీళ్లను బయటికి వదిలితే వచ్చే పులిసిన వాసన ఊరంతా కమ్ముకునేది. పొయ్యిల్లో కాల్చిన ఊక బూడిద పొద్దంతా ఊరి మీద రాలేది. ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందెల్లో, పెరుగు మీద నల్లటి నలుసులు. మా నాయన ఒక మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. సందు మలుపులో ఆయన కనపడక ముందే ఆ వాసన ఇంట్లోకి వచ్చేది.

ఆ ఊళ్లో పుట్టి నాకు అన్నిట్లోనూ రోతే. పెరుగులో నలుసు కనపడితే ముట్టేదాన్ని కాదు. పేడకళ్లు ఎత్తమంటే ఏడ్చేదాన్ని. మా అన్న ఇది కనిపెట్టాడు. నాకు బెల్లం ముక్క ఇచ్చినప్పుడల్లా పక్కన చేరి, అందులో చీమ కాలు ఉందని చెవిలో చెప్పేవాడు. నేను కింద పెట్టేయగానే తాను తినేవాడు. అలా ఒక చలికాలమంతా నా నువ్వులుండలన్నీ వాడే తిన్నాడు. నేనూ ఊరుకోలేదు. ఒకసారి వాడి అంగీ జేబులో తవుడు నింపి పైన నీళ్లు పోశాను. మా నాయనమ్మ మాత్రం నన్ను చూసి నోరు నొక్కుకునేది. "గిన్ని రోతలు పెట్టుకుంటే రేపు పిల్లల్నెట్ల సాదుతవే" అనేది.

మా బడికి సైన్సు చెప్పడానికి టీచరు వచ్చింది ఆ చలికాలంలోనే. కోదాడ దగ్గర చిలుకూరు ఆమెది. క్రైస్తవులు. అమ్మానాన్నలు పొలం కూలికి పోయి చదివించారట. ఆమెది పర్మనెంటు ఉద్యోగం కాదు. బడి కమిటీ పెద్దలు ఉండమన్నన్నాళ్లు ఉండాలి, పొమ్మంటే పోవాలి. ఆ జీతం మీదే ఇంటి దగ్గర ఇద్దరు చెల్లెళ్ల చదువు నడుస్తోందని ఆమే మాటల్లో చెప్పింది. ఆమె మాట కొంచెం ఆంధ్రా వైపు మొగ్గేది. మేము సూడుండ్రి అంటే ఆమె చూడండి అనేది. మేము ముసిముసిగా నవ్వేవాళ్లం. సార్ల గదిలో కుండ మీద అందరికీ ఒకే గ్లాసు ఉండేది. ఆమె గ్లాసు మాత్రం వేరుగా, కిటికీలో బోర్లించి ఉండేది. అన్నిట్లోనూ రోత పడే నాకు ఆ కిటికీని చూసి ఒక్కరోజు కూడా రోత పుట్టలేదు. ఇప్పుడు పుడుతుంది, ఎంత పుడితే ఏం లాభం.

ఆమె పాఠం పుస్తకంలోంచి చెప్పేది కాదు. గుప్పెడు నూకలు తెచ్చుకునేది. ఒక నూకను తీసుకెళ్లి బడి ఆవరణ నడిమధ్యలో పెట్టి, ఈ ఆవరణంతా ఒక పరమాణువు అనుకోండి, దాని గుండెకాయ ఈ నూకంత, మిగిలిందంతా ఖాళీ అని చెప్పింది. మేము ఖాళీ ఆవరణలో నిలబడి ఆ నూక కోసం వెతికాం. అప్పటికే కోడి తినేసింది. ఇంకోరోజు, మన సూర్యుడు, భూమి, గ్రహాలు అన్నీ కలిపి ఒక్క నూకంత అయితే పాలపుంత ఎంత ఉంటుందో చెప్పమంది. బండంత అని ఒకరు, మిల్లంత అని ఒకరు అన్నాం. సాగర్ కట్ట మీద బయల్దేరి మిర్యాలగూడ, గరిడేపల్లి మీదుగా కోదాడ దాటిందాకా, ఇటు సూర్యాపేట కూడా కలిసేంత పళ్లెం ఒకటి ఊహించుకోమంది. అలాంటి పళ్లేలు లెక్కలేనన్ని ఉన్నాయంది. ఆ మధ్యాహ్నం అన్నం తింటుంటే పళ్లెం అంచు వైపు చూడటానికి కూడా భయమేసింది.

బడి పండుగ దగ్గరికొచ్చింది. మిగతా సార్లు బల్లల మీద చార్టులు పెట్టుకుంటామన్నారు. ఈమె బల్ల వద్దంది. బల్ల మీద పట్టేది ఆకాశం కాదు, షోకు అంది. భూమిని నూకంత అనుకుంటే సూర్యుడు పీచు తీసిన కొబ్బరికాయంత అవుతాడు. కొబ్బరికాయను బడి అరుగు మీద పెట్టి, అక్కడి నుంచి వీధి పొడుగునా కొలుచుకుంటూ పోయి గ్రహాలను పాతాలి. పండుగ రోజు ఊరి పిల్లలందరినీ సూర్యుడి నుంచి చివరి గ్రహం దాకా నడిపించాలని ఆమె ఆశ.

గింజలు ఏరే పని మాకు పెట్టింది. శుక్రుడు కూడా నూకే. కుజుడు నూకలో సగం. గురుడు చిన్న రేగుపండు. శనికి శనగ గింజ. ఆ తర్వాతి రెండూ పెసలు. అప్పట్లో తొమ్మిదోదిగా లెక్కపెట్టే గ్రహానికి తగినంత చిన్న గింజ దొరకదని దాన్ని వదిలేసింది. ఒక్కో గింజను లైతో అట్టముక్కకు అతికించి, కింద పేరు రాసి, కందికట్టెకు కట్టాం. పాతే పని నాకిచ్చింది, నా లెక్క తప్పదని. నా కాళ్లు చిన్నవి కాబట్టి తన అంగను పురికొసతో కొలిచి, కోసి, చుట్టచుట్టి నా చేతిలో పెట్టింది. ఆ తాడుతో భూమి పదిహేను కొలతలు. గురుడు డెబ్బై ఎనిమిది. శని నూట నలభై నాలుగు. చివరిది నాలుగు వందల యాభై ఒకటి.

"ఎక్కడ పడితే అక్కడే పాతు తల్లీ. శని సేటుగారి ఇల్లు దాటాక మురుగు గుంట అంచున పడుతుంది, నేను చూసుకున్నా. మురుగైనా సరే, అదే దాని చోటు" అంది.

సేటు అంటే మా నాయన పనిచేసే మిల్లు యజమాని. బడి కమిటీలోనూ ఆయనే పెద్ద. ఆయన ఇల్లు బడి వీధిలోనే ఉంది. గేటు ముందు పొద్దున్నే అలికి ముగ్గు పెట్టేవారు. ప్రహరీ దాటితే ఆయన మిల్లు నుంచి వచ్చే మురుగంతా చేరే గుంట. పండుగకు ముందు రోజు సాయంత్రం కట్టెల మోపు చంకన పెట్టుకుని, తాడు పరుచుకుంటూ, పైకి లెక్కపెట్టుకుంటూ బయల్దేరాను. గురుడి దాకా బాగానే పాతాను. గేటు దగ్గరికి వచ్చేసరికి నూట పద్దెనిమిది. అక్కడి నుంచే కంపు మొదలైంది. ఇంకా ఇరవై ఆరు కొలతలు పోవాలి. గుంట మీద వెచ్చటి ఆవిరి లేస్తోంది. బూడిదరంగు నురగ బుడగలు కట్టి పగులుతోంది. అందులో పందులు పొర్లుతున్నాయి. ఒకటి లేచి విదిలించుకుంటే చుక్కలు రోడ్డు దాకా పడ్డాయి. నా గొంతులోకి పుల్లటిది వచ్చింది.

నేను పోలేదు. శనిని అక్కడే, గేటు పక్కన, శుభ్రంగా ఉన్న చోట పాతేశాను. ముగ్గు గీత మీదే పడింది. తర్వాత వేరే సందు గుండా తిరిగిపోయి, మిగిలిన రెండింటినీ అందాజగా పాతి ఇంటికొచ్చాను. ఎవరికి తెలుస్తుంది, ఎవరు లెక్కపెడతారు అనుకున్నాను. అప్పట్లో సేటుకు ఏల్నాటి శని నడుస్తోందని ఊరంతా తెలుసు. వారం వారం నూనె దానం ఇచ్చేవాడు. అదీ నాకు తెలుసు. కానీ ఆ సాయంత్రం నాకు గుంట తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

తెల్లారితే శనివారం.

ఆ పొద్దున సేటు భార్య చీపురు పట్టుకుని బయటికొచ్చి, గుమ్మం ముందు కట్టె, కట్టెకు గింజ, గింజ కింద శని అన్న పేరు చూసి కేక వేసింది. మేము వెళ్లేసరికి వీధంతా అక్కడే ఉంది. ఎవరో చేతబడి అన్నారు. సేటు బనీను మీద, నోట్లో వేపపుల్లతో నిలబడి, నమిలి నమిలి ముగ్గు మీదే ఉమ్ముతున్నాడు. ఆ ఆకుపచ్చ ఉమ్ము ఇప్పటికీ నాకు కళ్లకు కడుతుంది. మా బడి పెద్దసారు చేతులు కట్టుకుని, ఉమ్మినప్పుడల్లా పాదం వెనక్కు తీసుకుంటున్నాడు తప్ప పక్కకు జరగడం లేదు.

టీచరు వచ్చింది. ఇది ఎవరింటికీ చేసింది కాదని, పిల్లలకు దూరాలు చూపించడానికని నిదానంగా చెప్పింది. బడి అరుగు మీది కొబ్బరికాయను చూపించింది. సేటు వినలేదు. ఊళ్లో ఇన్ని గుమ్మాలుండగా శని తన గుమ్మానికే ఎట్లా వచ్చిందని అడిగాడు.

అప్పుడు ఆమె గేటునూ, దూరంగా గుంటనూ, నన్నూ వరసగా చూసింది. ఆమెకు తెలిసిపోయింది. ఎంత తప్పిందో, ఎందుకు తప్పిందో కూడా తెలిసిపోయి ఉంటుంది. "తాడుతోనే కొలిచావా తల్లీ?" అని అడిగింది.

అందరూ నా వైపు తిరిగారు. "మీరు చెప్పినకాడనే పెట్టిన టీచర్" అన్నాను.

ఆమె అక్కడికక్కడే ఆ తాడుతో కొలిచి చూపించవచ్చు. శని ఆ గుంటలో, సేటు వదిలిన మురుగులో పడేదని ఊరందరి ముందూ తేల్చవచ్చు. తప్పు నాదని తేలేది. మా నాయన బాయిలర్ దగ్గర పని చేస్తున్నాడని కూడా ఆమెకు తెలుసు. నా చేతిలోంచి తాడు తీసుకుంది. ఒక క్షణం చూసింది. మళ్లీ చుట్టచుట్టి నా చేతిలోనే పెట్టి, నా వేళ్లు మూసింది.

"నేనే పెట్టించానండి" అంది సేటుతో. "కానీ సేటుగారూ, ఈ కొలతలో భూమే నూకంత. ఇందులో మీరూ కనపడరు, నేనూ కనపడను. ఇక మీ గుమ్మమెక్కడిది?"

ఆమె ఓదార్పుగానే అంది. సేటుకు ఓదార్పు వినపడలేదు. కనపడరు అన్న మాట ఒక్కటే వినపడింది.

"నేను కనపడనంట సారూ" అన్నాడు పెద్దసారు వైపు తిరిగి. "గీ ఊర్ల నేను కనపడనంట. ఏ ఊరమ్మా నీది? ఎవల బిడ్డవు?"

ఎవరి బిడ్డవో తెలిసే అడిగాడు. ఆమె చిలుకూరనీ, తండ్రి పేరూ చెప్పింది, తలదించుకోకుండా. పెద్దసారు నేల చూపులు చూశాడు. ఆమె గ్లాసును కిటికీలో బోర్లించిన సార్లందరూ అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. వాళ్లనని ఏం లాభం, నేనూ తెరవలేదు.

ఆ రోజు పిల్లల నడక జరగలేదు. కట్టెలన్నీ పీకించి, గేటు ముందు మిరపకాయలతో కలిపి కాల్చారు. ఘాటుకు వీధంతా దగ్గింది. సూర్యుణ్ని పెద్దసారే సేటు గుమ్మం ముందు పగలగొట్టి దిష్టి తీశాడు. ఆ ముక్కలు పిల్లలు ఏరుకుని తిన్నారు. మా అన్న నాకూ ఒక ముక్క తెచ్చాడు. ఈసారి చీమ కాలుందని వాడు చెప్పాల్సిన పని లేకపోయింది. రాత్రి అన్నంలో పంటి కింద నూక తగిలితే ఉన్నదంతా కక్కేశాను. జ్వరమనుకుని మా అమ్మ మిరియాల చారు పెట్టింది.

వారం తిరక్కుండానే టీచరును పొమ్మన్నారు. కోదాడ బస్సెక్కించడానికి మా తరగతి పిల్లలు నలుగురైదుగురు పోయారు. నేను పోలేదు. తలనొప్పని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. చాలా ఏళ్లు నాకు నేను సర్ది చెప్పుకున్నాను, నాయన పని పోతుందని భయపడ్డానని. అది అబద్ధం. ఆ క్షణాన నాకు నాయన గుర్తుకే రాలేదు. మురుగులో కాలు పెట్టలేకపోయిన పిల్లనని నలుగురికీ తెలుస్తుందేమోనని భయపడ్డాను, అంతే. ఇద్దరు చెల్లెళ్ల చదువు ఒక పక్క, నా కాలి శుభ్రం ఒక పక్క. నేను నా కాలు చూసుకున్నాను.

పెద్దయ్యాక నాకు దొరికిన ఉద్యోగం సర్కారు దవాఖాన ల్యాబులో. మా నాయనమ్మ బతికుంటే పడీ పడీ నవ్వేది. ముప్పై ఏళ్లకు పైగా ఊళ్ల వాళ్ల కఫం, మలం, చీము గాజుపలకల మీద పూసి చూశాను. రోత పోయింది. కంటికి కనపడని పురుగు ఎంత పెద్ద మనిషినైనా మంచాన పడేయడం రోజూ చూసేదాన్ని కదా. ఒకసారి ఒక పెద్దాయన తన కఫం డబ్బీ మిగతా వాళ్ల డబ్బీలతో కలిపి పెట్టొద్దన్నాడు. నాకు కిటికీలోని గ్లాసు గుర్తొచ్చింది. ఆయన డబ్బీని అందరి మధ్యలోకి జరిపాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చిలుకూరులో బస్సు దిగి అడిగాను. గరిడేపల్లి దగ్గర ఏదో బడిలో కొన్నాళ్లు చెప్పిందని ఒకామె అంది. చెల్లెళ్లు చదివారా అని అడిగితే, పెద్దది చదివింది, చిన్నది కూలికి పోయింది అంది. టీచరు తర్వాత ఎటు పోయిందో ఆమెకు తెలియదు. ఇంకో ఇల్లు అడగవచ్చు. అడగలేదు. అడిగితే దొరుకుతుందేమోనని, దొరికితే ఏం చెప్పాలోనని వచ్చిన బస్సులోనే తిరిగి ఎక్కాను.

తాడు మాత్రం ఉంది. పురికొస ఎన్నాళ్లుంటుంది, పొడిపొడి అయిపోతుంది. అందుకని అది చివికినప్పుడల్లా పక్కన కొత్తది పెట్టి అదే నిడివికి కోసుకుంటూ వచ్చాను. ఇప్పుడున్నది నాలుగోది.

మొన్న ఆదివారం పొద్దున దాన్ని బయటికి తీశాను. మనవరాలిని పిలిచి ఒక కొబ్బరికాయ, కట్టెలకు కట్టిన నూకలు, రేగుపండు, శనగ గింజ ఇచ్చి, బల్ల మీద పట్టని ఆకాశాన్ని చూద్దువు గాని రమ్మన్నాను. సందు మొదట్లో మెడికల్ షాపు అరుగు మీద కొబ్బరికాయ పెట్టాం. అది తాడు పరుస్తుంటే నేను లెక్కపెట్టాను. భూమిని పాతి వెనక్కి తిరిగి కొబ్బరికాయను చూసి, "గింత దూరమా" అంది. గురుడి దగ్గరికొచ్చేసరికి మునివేళ్ల మీద నిలబడి కొబ్బరికాయ కోసం వెతికింది. నూట ముప్పై దాటాక రోడ్డు వంపు తిరిగింది. అక్కడ మూత లేని మురికి కాలువ ఉంది. ప్లాస్టిక్ సంచులు, కోడి ఈకలు, నల్లటి నీళ్లు. నూట నలభై మూడు గట్టు మీద పడింది.

పిల్ల ముక్కు మూసుకుంది. పక్కనే ఒక ఇంటి ముందు కడిగిన గచ్చు ఉంది. "అమ్మమ్మా, రోత. జర గిటు పెడదాం. ఎవలకు తెలుస్తది?" అంది.

సరిగ్గా నా మాటే. నా నోట్లోంచి ఊడిపడ్డట్టుంది. కోప్పడలేకపోయాను.

చెప్పులు విడిచాను. చీర మోకాళ్ల దాకా ఎగదోసుకుని, దాని భుజం ఆసరా చేసుకుని కాలువలోకి దిగాను. వెచ్చగా, జిగటగా పాదం లోపలికి దిగబడింది. కంపు నెత్తికెక్కింది. నా గొంతులోకి మళ్లీ ఆనాటి పుల్లటిదే వచ్చింది. రోత పోయిందనుకున్నాను కదా, ఎక్కడికీ పోలేదు.

"నూట నలభై నాలుగు" అన్నాను పైకే, ఎవరో వింటున్నట్టు. శనగ గింజ కట్టిన కట్టెను నీళ్ల అడుగున నేల తగిలేదాకా గట్టిగా గుచ్చాను.